పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: ఫుడ్ బ్యాంకు పనిని కొలిచేదెలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. మొదటిదానికి వివరంగా జవాబు చెప్పవలసి ఉన్నందున ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మచిలీపట్నంలో మేము కొందరు స్నేహితులం కలిసి మూడేళ్లుగా ఒక చిన్న ఫుడ్ బ్యాంకు నడుపుతున్నాం. వర్తకులు, బయటి దేశాల్లో స్థిరపడిన మా ఊరివారు ఇచ్చేదంతా పోగుచేసి 120 కుటుంబాలకు నెలకు 10 కిలోల బియ్యం, 2 కిలోల కందిపప్పు, లీటరు నూనె చొప్పున ఇస్తున్నాం. వారిలో సగం మంది చేపల వేట మీద, తక్కినవారు రోజు కూలి మీద, ఇళ్లలో పని మీద బతుకుతున్నవారు. నెలకొకసారి ఆడవాళ్లకు రక్తహీనత, ఆకుకూరలు, ఉప్పు, నూనెల వాడకం గురించి తరగతి కూడా పెడుతున్నాం. ఎంత ఆకలి తగ్గిందో, తరగతుల వల్ల ఏం మారిందో చూపిస్తేనే వచ్చే ఏడాది డబ్బు ఇస్తామని ఇప్పుడొక దాత అంటున్నారు. ఎన్ని బస్తాలు పంచామో చెప్పగలం. ఆకలిని కొలవడం ఎలా?
– ఒక పాఠకురాలు, మచిలీపట్నం

సమాధానం: మీ దాత అడిగినది న్యాయమైన ప్రశ్న. ఆయన అడగకపోయినా, మూడేళ్లు నడిచిన సంస్థ తనకు తాను ఒకసారి వేసుకోవలసిన ప్రశ్న కూడా.

సర్వేకు బయలుదేరే ముందు కాగితం మీద ఒక చిన్న లెక్క వేయండి. మీరు పంచుతున్నది ఏడాదికి 14,400 కిలోల బియ్యం. వినడానికి పెద్ద అంకె. దాన్నే ఒక ఇంటి వైపు నుంచి చూడండి. వంద గ్రాముల బియ్యం నుంచి దాదాపు 350 కిలోకేలరీల శక్తి వస్తుంది కాబట్టి 10 కిలోలకు 35,000 అవుతాయి. పెద్దలనూ పిల్లలనూ కలిపి మనిషికి రోజుకు సగటున 2,000 కిలోకేలరీలు కావాలనుకుంటే, నలుగురున్న ఇంటికి మీ బియ్యం నాలుగు రోజులకు కొంచెం పైగా వస్తుంది. బియ్యం కార్డు మీద మనిషికి 5 కిలోల చొప్పున ఉచితంగా అందే 20 కిలోలు ఇంకో తొమ్మిది రోజులకు కాస్త తక్కువగా సరిపోతాయి. ఇక మీరిచ్చే పప్పును నలుగురికి నెల రోజులకు పంచితే మనిషికి రోజుకు 16, 17 గ్రాములు వస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన నమూనా పళ్లెంలో పప్పుధాన్యాల వాటా రోజుకు 85 గ్రాములు. అంటే అందులో అయిదో వంతు మీ సంచి నుంచే వెళుతోంది. బియ్యం ఎలాగూ కొంత వస్తున్న ఇంట్లో ఈ పప్పే మీ సంచిలోకెల్లా విలువైన సరుకని నా అభిప్రాయం. ఈ లెక్కతో ఆకలి తగ్గిందని రుజువు కాదు కానీ, మీ సాయం ఎంత మార్పు తేగలదో, దేన్ని తేలేదో ముందే తెలుస్తుంది. నెలకు నాలుగు రోజుల బియ్యం ఇచ్చే సంస్థ ఆకలిని రూపుమాపామని నివేదికలో రాసుకోకూడదు.

ఆకలిని కొలవడానికి కొత్త పద్ధతులు కనిపెట్టవలసిన పని లేదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చాలా దేశాల్లో వాడుతున్న ఎనిమిది ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది. దాన్ని ఎఫ్‌ఐఈఎస్ అంటారు. గత 30 రోజుల్లో డబ్బు లేకగానీ మరే ఆధారం లేకగానీ తిండి చాలదేమోనని దిగులు పడ్డారా, ఒంటికి మంచిదైన బలమైన తిండి తినలేకపోయారా, ఒకటి రెండు రకాలతోనే సరిపెట్టుకున్నారా, ఒక పూట మానవలసి వచ్చిందా, తినవలసినదానికన్నా తక్కువ తిన్నారా, ఇంట్లో గింజలు నిండుకున్నాయా, ఆకలేసినా తినకుండా ఉండిపోయారా, రోజంతా పస్తున్నారా అన్నవే ఆ ఎనిమిది. అవునన్న జవాబుకు ఒకటి చొప్పున వేస్తే ప్రతి ఇంటికీ సున్నా నుంచి ఎనిమిది దాకా ఒక అంకె వస్తుంది. దిగులుతో మొదలై పస్తుతో ముగిసే వరుస అది. మీలాంటి సంస్థ వల్ల మొదట తగ్గేవి సాధారణంగా చివరి మూడు నాలుగు ప్రశ్నలకు వచ్చే ‘అవును’లు. దిగులు తగ్గడానికి చాలా కాలం పడుతుంది. అందుచేత మొత్తం అంకెతో పాటు ఏ ప్రశ్న దగ్గర మార్పు వచ్చిందో కూడా విడిగా రాసుకోండి.

ఈ ప్రశ్నలను అడిగే తీరు మీద సగం ఫలితం ఆధారపడి ఉంటుంది. నేను పోషకాహార సర్వేలలో పనిచేసిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఒక ఇంట్లో, గత నెలలో ఎప్పుడైనా పూట మానేశారా అని ఇల్లాలిని అడిగాను. గడప దగ్గర మంచం మీద అత్తగారు కూర్చుని ఉన్నారు. “మాకేం తక్కువ లేదండీ” అన్నదామె. ‘లేదు’ అని రాసుకుని బయటికి వచ్చాను. వీధి చివర కుళాయి దగ్గరికి బిందెతో వచ్చి ఆమె మెల్లగా అడిగింది: “రాత్రి పిల్లలకు పెట్టేశాక నేను గంజి తాగి పడుకున్నానండీ, అది పూట మానేసినట్టా?” ఆ ఒక్క మాటతో నా కాగితంలో ఉన్న రెండు తప్పులు బయటపడ్డాయి. ఆమెను ఒంటరిగా అడగకపోవడం ఒకటి, గంజిని ఏ లెక్కలో వేయాలో ముందుగా నిర్ణయించుకోకపోవడం రెండోది. ఆ రోజు అప్పటికి రాసిన ఇళ్లన్నింటికీ మళ్లీ వెళ్లవలసి వచ్చింది. మీరు అసలు సర్వేకు ముందు నాలుగైదు ఇళ్లలో అడిగి చూసుకుంటే ఇలాంటివి తేలిపోతాయి. మాట ఎంపిక కూడా ముఖ్యం. మన ఇళ్లలో బియ్యం ‘అయిపోయాయి’ అనడానికి చాలామంది ఇష్టపడరు, ‘నిండుకున్నాయి’ అంటారు. అయిపోయాయా అని అడిగితే అశుభం పలికినట్టుగా భావించి లేదనేవారు ఉంటారు. సంచి అందించే కార్యకర్తే ప్రశ్నలు అడిగితే, నిజం చెబితే సంచి ఆగిపోతుందని ఒకరు, మొహమాటంతో మరొకరు జవాబు మార్చేస్తారు. కాబట్టి పంపిణీతో సంబంధం లేని వారిని, వీలైతే స్థానిక కళాశాల విద్యార్థినులను, రెండు రోజులు తర్ఫీదు ఇచ్చి పంపండి. 120 ఇళ్లనూ అడగలేకపోతే రిజిస్టరులో ప్రతి మూడో పేరునూ తీసుకోండి. మీకు తెలిసిన ఇళ్లను, దగ్గరి ఇళ్లను ఏరుకోవద్దు.

మీ ఊరికి సంబంధించి మరొక జాగ్రత్త ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు, మర పడవలు వేటకు వెళ్లరాదన్న నిషేధం ఉంటుంది. మీ గిలకలదిండి చేపల రేవులో బోట్లు ఒడ్డుకు చేరిన ఆ రోజుల్లో మొదటిసారి అడిగి, వేట సాగుతున్న సెప్టెంబరులో రెండోసారి అడిగారనుకోండి, మీరు ఒక్క గింజ పంచకపోయినా ఆకలి తగ్గినట్టే కనిపిస్తుంది. ఆ తగ్గుదల సముద్రం ఇచ్చింది. కూలి పనులకు వెళ్లే ఇళ్లలోనూ ఇంతే. నాట్లు, కోతల సమయంలో ఒక పరిస్థితి, పని లేని ఎండాకాలంలో మరొకటి ఉంటాయి. జూన్ మొదటి వారాన్ని మరుసటి ఏటి జూన్ మొదటి వారంతోనే పోల్చండి. ఏడాదికి రెండుసార్లు అడగగలిగితే, నిషేధ కాలంలో ఒకసారి, వేట కాలంలో ఒకసారి అడగండి.

మీ సాయం లేకుండా ఉంటే ఆ ఇళ్లు ఎలా ఉండేవో తెలియాలంటే పోల్చడానికి మరికొన్ని ఇళ్లు కావాలి. సాయం ఆపి పరీక్షించడం పాపం, ఆ పని చేయవద్దు. మీ దగ్గర ఎలాగూ ఎదురుచూసేవారి జాబితా ఉండే ఉంటుంది. కొత్తగా 40 కుటుంబాలను చేర్చుకునే శక్తి వచ్చినప్పుడు అందరినీ ముందుగా ఎనిమిది ప్రశ్నలూ అడిగి, చీటీలు తీసి, 20 ఇళ్లకు వెంటనే, మిగిలిన 20 ఇళ్లకు మూడు నెలల తరువాత మొదలుపెట్టండి. ఆ మూడు నెలల చివర రెండు గుంపులనూ మళ్లీ అడిగితే వచ్చే తేడా మీ పనికి దగ్గరి కొలత. ఇరవై ఇళ్లు చిన్న సంఖ్య కాబట్టి కొద్దిపాటి తేడాను గొప్పగా చెప్పుకోకండి. ఒకే ఇంట్లో జబ్బు వచ్చినా సగటు మారిపోతుంది.

ఎనిమిది ప్రశ్నలకు అందని లాభం ఒకటి ఉంది, దాన్ని వదిలేయకండి. సంచి వచ్చిన నెలలో ఆ ఇల్లు బియ్యానికి పెట్టే డబ్బు మిగులుతుంది. ఆ డబ్బు పాలకో గుడ్లకో మందులకో పిల్లల పుస్తకాలకో పోతుంది, లేదా కిరాణా కొట్టులో పాత బాకీ తీరుతుంది. కొట్టు ఖాతా పుస్తకం చూపమని ఎవరినీ అడగకండి. “పోయిన నెలాఖరుకు కొట్టులో బాకీ ఎంత ఉంది, ఇప్పుడెంత ఉంది” అని ఇల్లాలిని అడిగితే చాలు, దాదాపు ప్రతి ఇల్లాలికీ ఆ అంకె నోటికి వచ్చి ఉంటుంది. కొందరు మీ బియ్యంలో కొంత అమ్ముకున్నారని తెలిస్తే కోప్పడకండి, పేరు కొట్టివేయకండి. ఆ ఇంటికి బియ్యం కన్నా మరొకటి ఎక్కువ అవసరమని అది చెబుతోంది. అలాంటి ఇళ్లు చాలా ఉంటే వచ్చే ఏడాది సంచిలో బియ్యం తగ్గించి పప్పు, గుడ్లు, వేరుశనగ పెంచాలన్న నిర్ణయానికి అదే ఆధారం అవుతుంది. సంచి కోసం వరుసలో నిలబడడానికి ఎంత కూలి పోయిందో కూడా అడగండి. సగం రోజు కూలి వదులుకుని వచ్చి 10 కిలోల బియ్యం తీసుకెళ్లిన మనిషికి మీరిచ్చింది మీరనుకున్నదానికన్నా చాలా తక్కువ.

ఇక తరగతుల సంగతి. తరగతి చివర ప్రశ్నపత్రం ఇచ్చి మార్కులు వేస్తే జ్ఞాపకశక్తి తెలుస్తుంది, అంతే. గోంగూర మంచిదని తెలియని ఇల్లాలు మన ప్రాంతంలో ఉంటుందని నేను అనుకోను. కొనడానికి డబ్బు, వండడానికి తీరిక, అందరూ తిన్నాక ఆమెకు గిన్నెలో మిగలడం, ఈ మూడింటిలో ఏదో ఒకటి ఉండదు. అందుచేత నిన్న ఉదయం లేచినప్పటి నుంచి రాత్రి పడుకునే దాకా ఏమేం తిన్నారో చెప్పమని అడగండి. తిన్నదాన్ని పది వర్గాలుగా చూడడం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీల కోసం అంతర్జాతీయంగా స్థిరపడిన పద్ధతి. ధాన్యాలు, దుంపలు ఒక వర్గం, పప్పులు ఒకటి, వేరుశనగ, నువ్వుల వంటి గింజలు ఒకటి, పాలు, పెరుగు ఒకటి, మాంసం, చేపలు ఒకటి, గుడ్లు ఒకటి, ముదురాకుపచ్చ ఆకుకూరలు ఒకటి, మామిడిపండు, గుమ్మడి, క్యారెట్ వంటి విటమిన్ ఏ ఉన్నవి ఒకటి, తక్కిన కూరగాయలు ఒకటి, తక్కిన పండ్లు ఒకటి. కనీసం అయిదు వర్గాలు తిన్న స్త్రీలు నూటికి ఎందరో లెక్కకట్టాలి. పెద్ద చెంచాడు, అంటే 15 గ్రాములైనా తినని పదార్థాన్ని లెక్కలో వేయకూడదు. తాలింపులో పడ్డ నాలుగు కరివేపాకులను ఆకుకూరగా రాసుకున్న రోజున మీ అంకెలన్నీ అబద్ధమవుతాయి. ఇది ఒక్కొక్కరికి మార్కులు వేయడానికి పనికిరాదు, గుంపు మొత్తం మీద మార్పు తెలుసుకోవడానికే వాడాలి.

ఉప్పు తరగతి ఫలించిందో లేదో తెలుసుకోవడానికి ఇంతకన్నా సులువైన కొలత ఉంది. మనిషికి రోజుకు 5 గ్రాములు మించకూడదు. నలుగురున్న ఇంట్లో అది 20 గ్రాములు, అంటే కిలో ఉప్పు ప్యాకెట్ 50 రోజులు రావాలి. ప్యాకెట్ విప్పిన తేదీని పెన్నుతో దాని మీదే రాయమని చెప్పండి. తరగతికి ముందు 25 రోజులకే అయిపోయేది తరువాత 35 రోజులు వచ్చిందంటే అది కంటికి కనిపించే మార్పు. మీ ఊళ్లో ఎండు చేపల నుంచి, ఆవకాయ నుంచి వచ్చే ఉప్పు ఈ లెక్కలోకి రాదని గుర్తుంచుకుని, అవి వారానికి ఎన్నిసార్లు తిన్నారో పక్కన రాసుకోండి. పచ్చళ్లు పెట్టే నెలలో మాత్రం ఈ కొలత వద్దు. నూనె ప్యాకెట్‌కు కూడా ఇదే పద్ధతి.

రక్తహీనత విషయంలో తొందరపడవద్దు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 58.8 మందికి, తెలంగాణలో 57.6 మందికి రక్తహీనత ఉంది. ఇంత విస్తృతమైన సమస్యను మీ తరగతులు తగ్గించాయని చూపడానికి సూదులు పట్టుకుని బయలుదేరకండి. నెలసరిలో పోయే రక్తం, నులిపురుగులు, కాన్పులు, మాత్రలు, వీటన్నింటి ప్రభావం హిమోగ్లోబిన్ అంకెలో కలిసిపోయి ఉంటుంది, అందులో మీ వాటా ఎంతో విడదీయలేరు. భోజనంతో పాటు టీ తాగే అలవాటు మానారా, పప్పులోనో ఆకుకూరలోనో నిమ్మరసం పిండుకుంటున్నారా, ఐరన్ మాత్రలు ఎన్ని మిగిలాయి అన్నవి అడగండి. నీరసం, ఆయాసం ఉన్నవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపండి.

దాతకు ఇచ్చే నివేదిక రెండు పేజీలు దాటనవసరం లేదు. తగ్గినది, తగ్గనిది, మీరు చెప్పలేనిది, మూడూ అందులో ఉండాలి. తగ్గనిదాన్ని దాచిపెట్టి సంపాదించిన డబ్బుతో మరుసటి ఏడాది అదే తప్పును ఇంకా పెద్ద ఎత్తున చేస్తారు.

ప్రశ్న: న్యూజెర్సీలో ప్రతి శనివారం మా పిల్లలతో కలిసి ఒక ఫుడ్ ప్యాంట్రీలో, అంటే అవసరమైనవారికి సరుకులు ఉచితంగా ఇచ్చే చోట, సేవ చేస్తున్నాను. ఇన్ని లక్షల పౌండ్లు పంచాం, ఇన్ని లక్షల భోజనాలు అందించాం అని ఇక్కడి ప్రకటనల్లో చూస్తుంటాను. పౌండ్లు భోజనాలుగా ఎలా మారతాయి? శాకాహారులైన మనవాళ్లు కొందరు మాంసం కలిసిన డబ్బాలను తలుపు దగ్గరే వదిలి వెళుతుంటారు. అవి కూడా భోజనాల లెక్కలోకే వెళ్లాయా?
– ఒక పాఠకుడు, ఎడిసన్

సమాధానం: అవును, వెళ్లాయి. ఫుడ్ బ్యాంకు అనే ఏర్పాటు 1967లో అరిజోనాలోని ఫీనిక్స్ నగరంలో జాన్ వాన్ హెంగెల్ చొరవతో మొదలైంది. గోడౌనులోకి వచ్చిన సరుకును, బయటికి వెళ్లిన సరుకును తూకం వేయడం అప్పటి నుంచీ సులువైన పని కావడంతో తూకమే కొలతగా స్థిరపడింది. దేశవ్యాప్త ఫుడ్ బ్యాంకుల సమాఖ్య ఫీడింగ్ అమెరికా 1.2 పౌండ్లను, అంటే దాదాపు 545 గ్రాములను, ఒక భోజనంగా లెక్కిస్తుంది. అమెరికన్లు సగటున ఒక పూట తినే తిండి బరువు నుంచి తీసిన అంకె అది. పెద్ద ఎత్తున అన్ని రకాలూ కలిసినప్పుడు అది పనికొస్తుంది, ఒక సంచి దగ్గరికి వచ్చేసరికి తప్పుదోవ పట్టిస్తుంది. 545 గ్రాముల బియ్యం వండితే ఒక మనిషికి దాదాపు రోజంతటికీ కావలసిన శక్తి వస్తుంది, అదే బరువు టమాటాల నుంచి వచ్చేది 110 కిలోకేలరీలు మాత్రమే. రెండింటినీ ఒక్కో భోజనమనే రాస్తారు.

అక్కడ ఇంతకన్నా మంచి కొలతలు చాలాకాలంగా ఉన్నాయి. అమెరికా వ్యవసాయ శాఖ 1995 నుంచి కుటుంబాల ఆహార భద్రతను 18 ప్రశ్నలతో కొలుస్తూ వచ్చింది. పిల్లలు లేని ఇళ్లకు పది ప్రశ్నలే. 2023లో నూటికి 13.5 కుటుంబాలు ఆహార భద్రత లేనివని ఆ సర్వేలోనే తేలింది. ఆ వార్షిక నివేదికను ఇకపై కొనసాగించబోమని ఆ శాఖ 2025 సెప్టెంబరులో ప్రకటించింది. కాబట్టి మీ ప్యాంట్రీ వంటి చోట్ల అడిగి రాసుకునే వివరాలకు ఇప్పుడు మునుపటికన్నా విలువ ఎక్కువ. అంత పెద్ద పట్టిక అడగలేకపోతే రెండే ప్రశ్నల పద్ధతి ఉంది, ఆసుపత్రులలో కూడా వాడుతున్నారు. చేతికి డబ్బు రాకముందే తిండి అయిపోతుందేమోనని గత 12 నెలల్లో దిగులు పడ్డారా అన్నది ఒకటి, కొన్న తిండి చాలక, మళ్లీ కొనడానికి డబ్బు లేని పరిస్థితి వచ్చిందా అన్నది రెండోది. తరచుగా అనో, అప్పుడప్పుడు అనో రెండింటిలో ఒక్కదానికి చెప్పినా ఆ ఇంటికి సాయం అవసరమని తీసుకోవాలి.

సరుకు నాణ్యతకు కూడా కొలత ఉంది. సంతృప్త కొవ్వు, సోడియం, చక్కెర ఎంతెంత ఉన్నాయో చూసి సరుకును ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులుగా విభజించే మార్గదర్శకాలు 2020లో వచ్చాయి. పంచినదానిలో ఆకుపచ్చ వాటా నూటికి ఎంతో చెప్పగలిగితే అది పౌండ్ల కన్నా మేలైన సమాచారం. మీరు ప్రస్తావించిన డబ్బాల విషయానికి వస్తే, సంచి కట్టి ఇచ్చే పద్ధతి మాని, వచ్చినవారే అరల్లోంచి ఏరుకునే పద్ధతి పెట్టమని నిర్వాహకులను అడగండి. అప్పటిదాకా తలుపు దగ్గర ఒక పెట్టె ఉంచి, అక్కర్లేనివి అందులో వేయమని చెప్పి, సాయంత్రం అందులో ఏమేం మిగిలాయో మీ పిల్లల చేత రాయించండి. నాలుగు శనివారాల జాబితా చాలు. పెసరపప్పు, శనగలు, బియ్యం, పెరుగు కావాలన్న మాట మీరు నోటితో చెప్పడం కన్నా ఆ జాబితా బలంగా చెబుతుంది.

ప్రశ్న: డొక్కా సీతమ్మ గారు ఎంతమందికి అన్నం పెట్టారో ఎన్నడైనా లెక్క రాశారా? అన్నదానానికి సర్వేలు, అంకెలు ఏమిటి? పుణ్యకార్యాన్ని వ్యాపారంలా తూకం వేయడం నాకు బాధ కలిగిస్తోంది.
– ఒక పాఠకుడు, అమలాపురం

సమాధానం: మీ బాధను గౌరవిస్తున్నాను. సీతమ్మ గారు లంకల గన్నవరంలో తన ఇంటికి వచ్చినవారికి తన చేత్తో వడ్డించారు. వేళ కాని వేళ వచ్చినవారికీ మళ్లీ పొయ్యి వెలిగించారు. తినేవారి ముఖం ఎదురుగా ఉన్నప్పుడు కడుపు నిండిందో లేదో, ఇంకొంచెం కావాలో, మొహమాటపడుతున్నారో వేరే కాగితం లేకుండానే తెలుస్తుంది. ఈనాటి ఫుడ్ బ్యాంకులో ఇచ్చే చేతికీ తినే నోటికీ మధ్య దాత, గోడౌను, వ్యాను, కార్యకర్త, సంచి ఉన్నాయి. కిందటి తరం వడ్డించేవారు కంటితో చూసి తెలుసుకున్నదాన్ని వీరు అడిగి తెలుసుకోవలసి వస్తోంది. ఆ అడగడంలో మర్యాద లోపిస్తే మాత్రం నేను మీ పక్షమే. సంచి చేతిలో పెట్టి ఫొటో తీయడం, నలుగురిలో నిలబెట్టి పస్తున్నారా అని అడగడం, పేర్లున్న జాబితాను వాట్సాప్‌లో పంపడం కొలత కిందికి రావు, అవి అవమానాలు. మచిలీపట్నం పాఠకురాలికి కూడా ఇదే మనవి. ప్రశ్నల కాగితాల మీద పేరు రాయకండి, ఇంటికొక సంఖ్య వేసి, ఏ సంఖ్య ఎవరిదో తెలిపే పుస్తకాన్ని ఒక్కరి దగ్గరే బీరువాలో ఉంచండి. చెప్పడం ఇష్టం లేదన్నవారికి కూడా వచ్చే నెల సంచి యథాప్రకారం అందుతుందని, మొదటి ప్రశ్న అడగక ముందే చెప్పండి.